పారిస్‌లో కుక్కతో తిరిగే ముందు జాగ్రత్తలు

• ఇండియా నుంచి తీసుకెళ్తుంటే ఐదారు నెలల ముందే పని మొదలుపెట్టండి. ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), ఆ తర్వాతే రేబిస్ టీకా. ఈ క్రమం తప్పితే టీకా చెల్లదు. టీకా వేయించి కనీసం 30 రోజులయ్యాక యాంటీబాడీ పరీక్షకు (టీకా పనిచేసిందో లేదో చూసేది) రక్తం తీయించాలి, అదీ యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబ్‌లోనే చేయాలి. రక్తం తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాకే ప్రయాణం. అసలు టెన్షనంతా ఇక్కడే.

• రాట్‌వైలర్‌కు వీధిలో కూడా తాడు, మూతికి చిక్కం తప్పనిసరి. పిట్‌బుల్ రకాన్నయితే దేశంలోకే రానివ్వరు.

• మెట్రోలో చిన్న కుక్క బ్యాగులో ఉండాలి, పెద్దదానికి తాడూ చిక్కమూ ఉండాలి. బస్సులో పెద్దవాటిని ఎక్కనివ్వరు. ఎస్కలేటర్ మీద మాత్రం నడిపించకండి. దిగే చోట ఎస్కలేటర్ పళ్ల సందులో కుక్క గోరు ఇరుక్కుంటే రక్తమే. చాలా స్టేషన్లలో లిఫ్ట్ ఉండదు, కాబట్టి ముసలి కుక్కైతే ఆ మెట్లు ఎక్కగలదా అన్నది ముందే ఆలోచించండి.

• లూవ్ర్ మ్యూజియంలోకి మామూలు పెంపుడు కుక్కలను రానివ్వరు. ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోండి. కెఫేల్లో అంత పట్టింపు ఉండదు, అయినా అడిగి కూర్చోవడం మర్యాద.

• కవర్లు జేబులో ఉంచుకోండి. కుక్క మలం ఎత్తకపోతే జరిమానా.

• కుక్కకు ఒంట్లో బాగోకపోతే 8వ నంబర్ మెట్రో లైన్‌లో మెజోన్-ఆల్ఫోర్ పశువైద్య కళాశాల ఉంది, స్టేషన్ పేరే అది.