టికెట్‌తో పాటే పెట్టె లెక్క: విమాన ఖర్చు పెరగకుండా, సూట్‌కేసు విరగకుండా చూసుకోవడం ఎలా?

చెక్-ఇన్ కౌంటర్ పక్కన నేల మీద సూట్‌కేసు బార్లా తెరిచి, బట్టలు అటూ ఇటూ మారుస్తూ చెమటలు కక్కేవాళ్లు ఏ విమానాశ్రయంలోనైనా కనిపిస్తారు. ఒకసారి ఆ మనిషిని నేనే. అనుమతి 15 కిలోలు, నా పెట్టె తూగింది 18. వెనక క్యూలో అందరి చూపూ నా మీదే. చివరికి అదనపు బరువుకి డబ్బు కట్టి బయటపడ్డాను. ఇంటికొచ్చాక ఉక్రోషం కొద్దీ ఖాళీ పెట్టెను తూచి చూస్తే అయిదు కిలోల పైనే ఉంది. అంటే ఒక్క చొక్కా కూడా పెట్టకముందే నా 15 కిలోల్లో మూడో వంతు అయిపోయిందన్నమాట. చవక టికెట్ వెతికి మిగుల్చుకున్నది కాస్తా ఆ కౌంటర్ దగ్గరే పోయింది.

అప్పటినుంచి టికెట్‌కి ఒక లెక్క, పెట్టెకి ఒక లెక్క అని వేసుకోవడం మానేశాను. రెండూ కలిపి ఎలా చూసుకోవాలో వరసగా చెబుతాను.

1. టికెట్ కొనకముందు కాగితం మీద మొత్తం వేయండి

వెబ్‌సైట్లో మొదట కనబడే ధర చాలాసార్లు ఒట్టి సీటు ధర. చెక్-ఇన్ బ్యాగు, కిటికీ పక్క సీటు, భోజనం, తేదీ మార్పు అన్నీ విడివిడిగా లెక్క కడతారు. ఒకప్పుడు పెద్ద విమాన సంస్థల్లో ఇలా ఉండేది కాదు. 2008లో ఇంధనం ధరలు మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి చెక్-ఇన్ బ్యాగుకే రుసుము పెట్టింది, తర్వాత మిగతావాళ్లు చాలామంది అదే దారి పట్టారు. అందుకే రెండు టికెట్లను పోల్చేటప్పుడు సీటు ధరల్ని పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం. మీరు నిజంగా తీసుకెళ్లే బ్యాగు రుసుము రెండు వైపులకీ కలపండి. విమానం అర్ధరాత్రి ఊరికి దూరంగా ఉన్న విమానాశ్రయంలో దిగితే ఆ టాక్సీ ఖర్చూ కలపండి. పైకి చవగ్గా కనబడిన టికెట్ చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

లగేజీ అనుమతి రెండు రకాలు. ఒకటి బ్యాగుల లెక్క: ఒక బ్యాగు, అది 23 కిలోల లోపు, ఇలా. రెండోది మొత్తం బరువు లెక్క: అంతా కలిపి 30 కిలోలు, ఎన్ని బ్యాగులైనా సరే, ఇలా. బ్యాగుల లెక్కలో పది కిలోల చిన్న సంచీ కూడా ఒక బ్యాగే. కాబట్టి రెండు చిన్నవాటికి బదులు ఒక పెద్దది మేలు. ఒక్కో బ్యాగు మాత్రం 32 కిలోలు దాటకూడదని చాలా చోట్ల నియమం. అది మన జేబు కోసం పెట్టింది కాదు, దాన్ని ఎత్తే పనివాళ్ల నడుము కోసం పెట్టింది.

కుటుంబంతో వెళ్లేవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఒకే విమానంలో సీట్లు రకరకాల ధరల గంపల్లో ఉంటాయి. చవక గంపలో రెండే సీట్లు మిగిలి ఉండి, మీరు నాలుగు అడిగితే, సిస్టమ్ చాలాసార్లు నాలుగింటినీ కలిపి పై గంప ధరకే చూపిస్తుంది. ముందు ఒక్కరికి వెతికి చూడండి. తేడా కనిపిస్తే రెండు చవగ్గా, రెండు మామూలు ధరకి కొనవచ్చు. కాకపోతే బుకింగులు విడిపోతాయి. ఏదైనా మార్పు వస్తే అందరికీ ఒకేసారి వర్తించదు. చిన్నపిల్లలతో అయితే నేను ఈ పని చేయను.

ఇంకో జాగ్రత్త. వేర్వేరు టికెట్లు అతికించి కనెక్షన్ చేసుకుంటే చవగ్గా రావచ్చు. కానీ మధ్యలో దిగి బ్యాగు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు, రెండో విమానం అందకపోతే ఆ నష్టం సాధారణంగా మనదే. ఇక ఒకే టికెట్‌లో మొదటి విమానం ఎక్కకుండా వదిలేస్తే, తర్వాతి విమానాలు, తిరుగు ప్రయాణంతో సహా, రద్దయిపోవడం మామూలే. "వెళ్లేటప్పుడు రైల్లో పోయి, వచ్చేటప్పుడు విమానంలో వద్దాం" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అదనపు బరువు తప్పదనిపిస్తే ఆన్‌లైన్లో ముందే కొనండి. కౌంటర్ దగ్గర దాదాపు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

2. టేపు, తూకం చేతిలో పెట్టుకోండి

చాలా సంస్థల్లో చెక్-ఇన్ బ్యాగు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. క్యాబిన్ బ్యాగుకి ఒక్కో సంస్థది ఒక్కో కొలత. 55, 40, 20 సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. ఈ కొలతలన్నీ చక్రాలు, హ్యాండిల్ మడత, బయటి జేబులతో సహా. అమ్మేవాళ్లు లేబుల్ మీద ఒక్కోసారి డొల్ల, అంటే చక్రాలు, హ్యాండిల్ లేని ఒట్టి పెట్టె, కొలత మాత్రమే వేస్తారు. దాన్ని నమ్ముకుంటే గేటు దగ్గరి కొలత చట్రంలో రెండు సెంటీమీటర్ల చక్రం పట్టక ఆగిపోతుంది. అందుకని టేపుతో మీరే కొలవండి.

తర్వాత ఖాళీ బరువు. క్యాబిన్‌లో ఏడు కిలోలే అనుమతించే సంస్థలు చాలా ఉన్నాయి. మూడున్నర కిలోల ట్రాలీ అయితే సగం దానికే పోతుంది. లాప్‌టాప్, చార్జర్ కలిపి మరో రెండు కిలోలు. ఇక బట్టలకి మిగిలింది ఒకటిన్నర కిలో. రెండు కిలోల లోపు క్యాబిన్ బ్యాగు, మూడున్నర కిలోల లోపు పెద్ద పెట్టె దొరికితే వదలొద్దు. కొక్కెం ఉన్న చేతి తూకం ఒకటి ఇంట్లో పెట్టుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

3. డొల్లను బొటనవేలితో నొక్కి చూడండి

గట్టి పెట్టెల్లో ఎక్కువగా కనిపించేవి మూడు ప్లాస్టిక్‌లు. ఏబీఎస్ అన్నిటికన్నా చవక. పిల్లల లెగో ఇటుకలు చేసేది దీనితోనే. గట్టిగా ఉంటుంది, పెళుసుగానూ ఉంటుంది. మూల మీద పడితే బీట వారుతుంది. పాలికార్బొనేట్ వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది. సీడీలు, హెల్మెట్ అద్దాలు దీనితోనే చేస్తారు. మూడోది పాలీప్రొపిలీన్, తేలిక, దెబ్బకు బాగానే తట్టుకుంటుంది. "ఏబీఎస్ ప్లస్ పీసీ" అని రాసి ఉంటే ఏబీఎస్, పాలికార్బొనేట్ రెండూ కలిపిందని అర్థం. ఎంత శాతం అన్నది లేబుల్ చెప్పదు కాబట్టి దాన్ని నేను ఏబీఎస్ కిందే జమకడతాను.

పెట్టెను పడుకోబెట్టి మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి వంగి, వేలు తీయగానే టక్కున పైకి రావాలి. అసలు కదలకుండా బిగుసుకుని ఉంటే, లేదా నొక్కిన చోట తెల్లటి గీత మిగిలితే, పక్కన పెట్టేయండి. పైన నిలువు గాడులున్న డొల్ల ఒట్టి చదును డొల్ల కన్నా బలంగా నిలుస్తుంది. జర్మన్ కంపెనీ రిమోవా 1950లో అల్యూమినియం పెట్టెలకు ఈ గాడులు తెచ్చింది. దానికి స్ఫూర్తి యుంకర్స్ విమానాల ముడతల రేకు. అల్యూమినియం పెట్టెలు అందంగా ఉంటాయి, నిజమే. కానీ బరువు, సొట్ట పడితే అది శాశ్వతం. బరువుకి డబ్బు కట్టే ప్రయాణాలకి అది నప్పదు.

గుడ్డ పెట్టెలను చిన్నచూపు చూడకండి. దెబ్బ తగిలితే బీట వారవు, బయటి జేబులు ఉంటాయి. బట్ట మీద "డెనియర్" అని ఒక అంకె ఉంటుంది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో అదే డెనియర్. 1680 డెనియర్ బాలిస్టిక్ నైలాన్ అంటే మందమైన బట్ట. అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు, పాలియెస్టరా నైలానా అన్నది కూడా చూడండి. రాపిడికి నైలానే ఎక్కువ ఆగుతుంది.

4. విరిగేది ఎప్పుడూ అంచుల దగ్గరే

డొల్ల పగిలి పారేసిన పెట్టెల కన్నా చక్రం ఊడి, హ్యాండిల్ ఇరుక్కుని పారేసినవే ఎక్కువ చూశాను. కాబట్టి కొనేటప్పుడు ఎక్కువ సేపు ఇక్కడే ఉండండి.

నాలుగు చక్రాల పెట్టె నున్నటి నేల మీద వేలితో తోస్తే పోతుంది. కానీ ఆ చక్రాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి దెబ్బలన్నీ వాటికే. వాలుగా ఉన్న చోట పెట్టె తనంతట తాను నడిచిపోతుంది. రెండు చక్రాలవి పెట్టె లోపలికి కూరుకుని, కాస్త పెద్దవిగా ఉంటాయి. గతుకుల దారిలో, మెట్ల మీద అవే నయం. పొడవాటి హ్యాండిల్‌తో నిలువుగా లాగే రెండు చక్రాల పెట్టెను 1987లో తయారుచేసింది రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలటే. రోజూ లాగేవాడి అవసరంలోంచి పుట్టింది కాబట్టి దాని మీద నాకు కొంచెం పక్షపాతం.

ఏదైనా సరే, పెట్టెను తిరగేసి చక్రాన్ని వేలితో తిప్పండి. గరగరమనకుండా కాసేపు తిరగాలి. చక్రం స్క్రూలతో బిగించి ఉందా, రివెట్లతోనా చూడండి. స్క్రూ అయితే రేపు మార్చుకోవచ్చు, రివెట్ అయితే రిపేరు కష్టం. ఇంకో మాట: అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న పెట్టె కొత్తగానే కనిపిస్తుంది, కానీ చాలా చక్రాలకి వాడే పాలీయురేథేన్ గాలిలో తేమకి లోలోపల పాడవుతుంది. బయలుదేరే ముందురోజు కాదు, ఓ వారం ముందే దించి లాగి చూసుకోండి.

హ్యాండిల్‌ను పూర్తిగా పైకి లాగి అటూ ఇటూ ఊపండి. కొద్దిగా కదలడం మామూలే. లొడలొడమంటే మాత్రం నిండు బరువుతో ఎక్కువ కాలం ఉండదు. పక్కనుండే పట్టీ హ్యాండిల్‌తో పెట్టెను ఒంటి చేత్తో పైకెత్తి, దాని మూలల దగ్గర కుట్టు సాగుతోందేమో చూడండి.

జిప్ దగ్గర ఒక చిన్న ప్రయోగం. బాల్‌పెన్ మొనతో జిప్ పళ్ల మధ్య గట్టిగా పొడిస్తే చాలా పెట్టెలు తెరుచుకుంటాయి, తాళం వేసి ఉన్నా సరే. తర్వాత జిప్ గుండీని అటూ ఇటూ ఒకసారి నడిపితే మళ్లీ మూసుకుంటుంది, ఆనవాలు కూడా ఉండదు. ఈ ప్రయోగం మీ పాత పెట్టె మీద చేయండి, దుకాణంలో కాదు! రెండు వరసల పళ్లున్న జిప్‌లు దీనికి అంత తేలిగ్గా లొంగవు. జిప్ లేకుండా చట్రం, కొక్కేలతో మూసేవి ఇంకా భద్రం, కాకపోతే బరువెక్కువ.

5. ఆఫీసు పనికి వెళ్లేవాళ్ల బ్యాగు

1938లో ఎర్ల్ హాలిబర్టన్ అనే చమురు వ్యాపారి దుమ్ము, ఎండ తట్టుకునే అల్యూమినియం పెట్టెలు చేయించుకున్నాడు. సినిమాల్లో కనిపించే మెరిసే బ్రీఫ్‌కేసుల వంశం అదే. సున్నితమైన పరికరాలు మోసేవాళ్లకి గట్టి పెట్టె ఇప్పటికీ అవసరమే. లాప్‌టాప్, నాలుగు కాగితాలకైతే మెత్తటి బ్యాగు చాలు.

లాప్‌టాప్ పెట్టుకునే జేబు కింది భాగాన్ని చేత్తో తడమండి. ఆ జేబు బ్యాగు అడుగుదాకా దిగకుండా రెండు సెంటీమీటర్లు పైకి వేలాడుతూ ఉండాలి. లేకపోతే బ్యాగు నేల మీద పెట్టిన ప్రతిసారీ దెబ్బ లాప్‌టాప్ మూలకే. "15.6 అంగుళాలకు సరిపోతుంది" అన్న మాట తెర మూల నుంచి మూలకి కొలత. మీ లాప్‌టాప్ పొడవు, వెడల్పు కొలిచి వెళ్లండి. వెనకవైపు ట్రాలీ హ్యాండిల్‌కి తొడిగే పట్టీ లేని ఆఫీసు బ్యాగు నేనైతే కొనను. భుజం మీద మోస్తూ అరగంట క్యూలో నిలబడితే తెలుస్తుంది.

తోలు అయితే కోసిన అంచును చూడండి. పీచు పీచుగా కనిపిస్తే అసలు తోలు. తోలు ముక్కల పొడిని జిగురుతో అతికించి చేసిన "బాండెడ్ లెదర్" కూడా తోలు పేరుతోనే అమ్ముతారు. అది కొన్నాళ్లకి పొరలుగా రాలిపోతుంది.

6. బ్యాటరీ, తాళం

పవర్‌బ్యాంకులు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి. మామూలు హద్దు 100 వాట్-అవర్లు. 20,000 ఎంఏహెచ్‌ని బ్యాటరీ వోల్టేజీ 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74, కాబట్టి అది హద్దు లోపలే. చార్జింగ్ సదుపాయం ఉన్న స్మార్ట్ పెట్టె కొంటే బ్యాటరీ చేత్తో ఊడివచ్చేదే కొనండి. పై అరలు నిండిపోయి గేటు దగ్గర మీ క్యాబిన్ బ్యాగును కిందికి పంపుతామంటే పవర్‌బ్యాంకు, లాప్‌టాప్, మందులు అక్కడికక్కడే బయటికి తీయాలి. అవన్నీ ఒకే చిన్న సంచీలో ఉంటే పది సెకన్ల పని.

అమెరికా వెళ్లేవాళ్లు టీఎస్ఏ (అక్కడి విమానాశ్రయ భద్రతా సంస్థ) గుర్తించిన తాళం ఉన్న పెట్టె తీసుకుంటే తనిఖీ సిబ్బంది తాళం పగలగొట్టకుండా తమ దగ్గరున్న తాళం చెవితో తెరుస్తారు. ఆ చెవుల నమూనాలు 2015 నుంచే ఇంటర్నెట్లో తిరుగుతున్నాయి. ఆ తాళాన్ని జిప్ దానంతటదే తెరుచుకోకుండా ఆపే సాధనంగా చూడండి, అంతే.

7. బెల్టు మీద పెట్టె విరిగి వస్తే

లగేజీ ఇచ్చే ముందు పెట్టెను నాలుగు వైపులా ఫోన్లో ఫొటో తీయండి, తూకం మీద అంకెతో సహా. విరిగినట్టు కనిపిస్తే హాలు దాటి బయటికి రాకముందే లగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి దాని కాగితం తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో చాలావాటికి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం చెక్-ఇన్ బ్యాగు దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పరిహారానికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్. పరిమితి అంతే, మీకు వచ్చేది నష్టాన్ని బట్టి. కాబట్టి పెట్టె కొన్న బిల్లు దాచుకోండి. తయారీదారు ఇచ్చే వారంటీ కూడా చదవండి, విమాన సంస్థ చేతుల్లో అయిన నష్టాన్ని చాలా వారంటీలు ఒప్పుకోవు.

ఆ ఒప్పందంలోనే ఇంకో వాక్యం ఉంది: బ్యాగు సొంత లోపం వల్ల, నాణ్యత వల్ల జరిగిన నష్టానికి విమాన సంస్థ బాధ్యత వహించదు. లొడలొడలాడే హ్యాండిల్ ఊడివస్తే కౌంటర్ అవతలి మనిషి ముందుగా చూపించేది ఆ వాక్యమే.