ప్లీడరు ముత్తాతగారి వంశచరిత్రను సమకూర్చుకునే విధం

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో పాత కుటుంబాలను పలకరిస్తే, తమ ముత్తాతగారు ప్లీడరీ చేసేవారని, తాలూకా బోర్డులోనో జిల్లా బోర్డులోనో సభ్యులుగా ఉండేవారని చెప్పేవారు చాలామంది కనిపిస్తారు. ఆయన తండ్రిగారెవరు, ఏ ఊరి నుంచి వలస వచ్చారు అని అడిగితే మాత్రం మాట అక్కడితో ఆగిపోతుంది. అటువంటి పూర్వికుని చరిత్రను కాగితాల ఆధారంతో రాయదలచినవారు అన్నిటికంటే ముందు, ఆయన బతికిన రోజుల్లో ఆ ఊరు ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకోవాలి.

నేటి శ్రీకాకుళం 1936 మార్చి వరకు మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని గంజాం జిల్లాకు చెందిన తాలూకా. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో అధికభాగం అటు వెళ్లగా, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. పార్వతీపురం మొదట విశాఖపట్నం జిల్లాలోనూ, తరువాత శ్రీకాకుళంలోనూ, ఆపైన విజయనగరంలోనూ ఉండి, 2022లో మన్యం జిల్లాకు కేంద్రమయింది. కనుక 1920ల నాటి శ్రీకాకుళం ప్లీడరుగారి పేరు కోసం విశాఖపట్నం జిల్లా కాగితాలు ఎన్ని తిరగేసినా ఫలితం ఉండదు. గంజాం జిల్లావి చూడాలి, అందులోనూ, ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళానికి వాడిన ‘చికాకోల్’ అన్న పేరు కింద చూడాలి.

ఈ జాగ్రత్త లేకపోతే ఎంత నష్టమో అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వంశచరిత్రే చెబుతుంది. 1834లో ఇల్లినాయ్ శాసనసభకు ఎన్నికై, 1836లో వకీలుగా సన్నదు పొంది, గుర్రమెక్కి ఒక కౌంటీ (మన జిల్లా వంటిది) కోర్టు నుంచి మరొక కోర్టుకు తిరిగిన ఆయన తల్లిదండ్రుల పెళ్లి 1806 జూన్ 12న కెంటకీలోని వాషింగ్టన్ కౌంటీలో జరిగింది. వారు కాపురమున్న హార్డిన్ కౌంటీ దస్తరాల్లో వెతికినవారికి ఆ పెళ్లి నమోదు దొరకలేదు. దొరకలేదు గనుక అసలు పెళ్లే జరగలేదన్న అపవాదు పుట్టింది. లింకన్ పోయిన చాలా ఏళ్లకు గాని వాషింగ్టన్ కౌంటీ కచేరీలో ఆ కాగితం బయటపడలేదు. ఒక తల్లి మర్యాదకు సంబంధించిన సంగతి, పక్క కౌంటీలో వెతకనందువల్ల అన్నేళ్లు నలిగింది.

ఇక ఇంట్లో మొదలుపెట్టవలసినది తద్దినం మంత్రంతో. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా ఏటా పలుకుతారు. పెద్దవారు పోకముందే వాటిని రాసుకోవాలి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనకు ఉన్నందున ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది, ఇద్దరి కాగితాలూ ఒకరివే అనుకునే ప్రమాదం ఉంటుంది. లింకన్ వంశంలోనూ అంతే: 1786లో కెంటకీలో హతుడైన ఆయన తాతగారి పేరు కూడా అబ్రహాం లింకనే. తండ్రి పేరు కూడా కలిసినప్పుడే ఆ కాగితం మనవారిదని నమ్మాలి.

అన్నిటికంటే విలువైన ఆధారం పాత దస్తావేజు. మా ఇంటి ట్రంకు పెట్టెలో అడుగున, అయిదో జార్జి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం మీద రాసిన క్రయపత్రం ఒకటి ఉంది. మడతల దగ్గర చిరిగినా, రాసి ఇచ్చినవారి పేరు, తండ్రి పేరు, వృత్తి, నివాసం మొదటి రెండు వరుసల్లోనే చక్కగా కనిపిస్తాయి. తండ్రి పేరు ముందు ‘దత్తత తండ్రి’ అని ఉన్నదేమో తప్పక చూడాలి. దత్తతతో ఇంటిపేరే మారిపోతుంది గనుక, ఆ ఒక్క మాట గమనించకపోతే వంశవృక్షం మొత్తం వేరొకరిదవుతుంది. ఇంట్లో దస్తావేజులు లేనివారు సర్వే నంబరు, ఊరి పేరు తెలుసుకుని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలుకు అర్జీ పెట్టుకోవచ్చు.

తేదీల విషయంలో తొందరపడరాదు. పాత రెవెన్యూ కాగితాల్లో జూలైతో మొదలయ్యే ఫసలీ సంవత్సరం ఉంటుంది; ఆ ఫసలీ సంఖ్యకు 590 కలిపితే, ఆ ఫసలీ మొదలైన జూలై ఏ ఇంగ్లీషు సంవత్సరంలో వచ్చిందో తెలుస్తుంది. అరవై ఏళ్లకొకసారి తిరిగి వచ్చే తెలుగు సంవత్సరం పేరు ‘ధాత’ అని మాత్రమే ఉంటే అది 1876 కావచ్చు, 1936 కావచ్చు. సాక్షుల పేర్లను బట్టి తేల్చుకోవాలి.

ప్లీడరుగారి రాజకీయ జీవితానికి బోర్డు నియామకాలు, ఎన్నికల ప్రకటనలు వచ్చిన మద్రాసు ప్రభుత్వ పత్రిక ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెటునూ, శాసనమండలి సభ్యులైతే మద్రాసు శాసనమండలి చర్చల సంపుటాలనూ చూడాలి.

చివరిగా ఆడవారి సంగతి. ప్లీడరుగారి భార్య పుట్టింటి ఇంటిపేరు ఆయన దస్తావేజుల్లో సాధారణంగా కనిపించదు. దానిని పాత శుభలేఖల్లో, ఆమె పేరిట రాసిన పసుపు కుంకుమల దస్తావేజులో, ఆమె అన్నదమ్ముల సంతతి ఇళ్లలో వెతకాలి. మా ముత్తవ్వ పుట్టింటివారి పేరు నాకు అటువంటి శుభలేఖ వెనుక, కట్నాలు చదివించినవారి జాబితాలో దొరికింది.