పాత .22 రైఫిల్‌తో మొదటిసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నారా?

లైసెన్సులో ఆ రైఫిల్ నంబరు ఎక్కిందా? ఒరిజినల్ వెంట ఉండాలి. రైఫిల్ ఖాళీగా కవర్లో, తూటాలు వేరే పెట్టెలో. కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు సరే సరి.

అసలు సంగతి బ్యారెల్, అంటే గొట్టం. శ్రీకాకుళం తీరపు ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది, అందుకే పాత యజమాని గ్రీజు దట్టించి ఉంటాడు. బోల్ట్ (గొట్టం వెనక వైపును మూసే కదిలే భాగం) తీసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి గుడ్డ చుట్టిన రాడ్డు తోసి, పొడిగుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. తర్వాత వెలుతురుకేసి గొట్టంలోంచి చూడండి. నల్లటి వలయం కనిపిస్తే అది ఉబ్బు కావచ్చు. గన్‌స్మిత్‌కి చూపించందే పేల్చొద్దు.

ఖాళీ చాంబర్‌తో ట్రిగ్గర్ నొక్కి సరదా పడొద్దు. ఇలాంటి రిమ్‌ఫైర్‌లో పిన్ను తూటా అడుగు అంచును కొడుతుంది; తూటా లేకపోతే చాంబర్ అంచుకే తగలొచ్చు.

హై వెలాసిటీ (వేగం ఎక్కువుండే) తూటాలెందుకు? స్టాండర్డ్‌వి చాలు.

పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాకే బోల్ట్ తెరవండి. శబ్దం నీరసంగా వస్తే రెండోది వేయొద్దు, గుండు లోపలే ఇరుక్కుని ఉండొచ్చు.