చేపలను క్షమించు ప్రభూ: స్పానిష్‌లో నోరు జారినప్పుడు

హనుమకొండలో మా మేడ మీది గదిలో స్పానిష్ చెబుతాను. వచ్చేవాళ్లలో సగం మంది పెరూ, బొలీవియా వైపు మిషనరీ సేవకు వెళ్లబోయే పిల్లలే. కాజీపేట, పరకాల, జనగామ నుంచి వస్తారు. వాళ్ల తప్పులను నవ్వుకోవడానికే ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు అదే మా రిపేరు పుస్తకం.

సమస్య: ప్రార్థనలో చేపలు వస్తున్నాయి

పెరూ రాజధాని లీమా వాళ్లతో వీడియో కాల్‌లో ఒక తమ్ముడు కళ్లు మూసుకుని, "ప్రభూ, మా చేపలన్నీ క్షమించు" అని వేడుకున్నాడు. అవతల పెద్దావిడ ఆమెన్ అనేసింది కానీ, నవ్వాపుకోలేక భుజాలు ఊగుతున్నాయి. పెకాదో అంటే పాపం, పెస్కాదో అంటే పట్టిన చేప. మనుషులను పట్టే జాలరులుగా చేస్తానన్న మత్తయి 4:19 దగ్గర ఇంకా ప్రమాదం. జాలరులు పెస్కాదోరెస్, పాపులు పెకాదోరెస్. ఒక్క 'స్' మింగేస్తే యేసు శిష్యులను పాపులుగా చేస్తానన్నట్టు అవుతుంది.

కారణం, రెండు మాటలూ ఒకే రోజు నేర్పడం. ఆ తప్పు నాదే. పరిష్కారం కూడా మన భాషలోనే దొరికింది: పొలుసులో 'స' ఉంది, పెస్కాదోలోనూ ఉంది. పాపంలో లేదు, పెకాదోలోనూ లేదు.

సమస్య: సిగ్గుపడితే శుభాకాంక్షలు చెబుతున్నారు

ఒక అమ్మాయి పాట మధ్యలో మరిచిపోయి, "ఎస్తోయ్ ఎంబరసాదా" అంది. సిగ్గుగా ఉందని చెప్పాననుకుంది. అవతలివాళ్లకు వినిపించింది "నేను కడుపుతో ఉన్నాను" అని.

ఇక్కడ దోషం ఇంగ్లిష్‌ది, సిగ్గుపడటాన్ని అందులో 'ఎంబరాస్డ్' అంటారు కదా. పిల్లలు తెలుగులో అనుకుని, ఇంగ్లిష్‌లోకి మార్చి, అక్కడి నుంచి స్పానిష్‌కు వెళ్తారు. కాజీపేట నుంచి వరంగల్‌కు హైదరాబాద్ మీదుగా పోయినట్టు! తిన్నగా వెళ్తే దారి చాలా దగ్గర. సిగ్గుగా ఉంది అనాలంటే "తెంగో బెర్గ్వెన్సా", అంటే నాకు సిగ్గు ఉంది. "తెంగో ఆంబ్రె" అంటే ఆకలి ఉంది. (తెంగో అనగానే వెనక బెంచీ ఎందుకు నవ్వుతుందో నేను చెప్పను.) "మె గుస్తా" అచ్చంగా మన "నాకు ఇష్టం". ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాళ్లే 'ఐ లైక్' లాగా "యో గుస్తో" అని తంటాలు పడతారు. త, ద కూడా మనవే, ట, డ అని బరువు పెంచక్కర్లేదు.

ఆంబ్రె మాత్రం జాగ్రత్త. ఓంబ్రె అంటే మగమనిషి. వంటింటి ముందు నిలబడి ఒక సిస్టర్ "తెంగో ఓంబ్రె" అంటే బాగుండదు.

సమస్య: వయసు చెబితే పిల్లలు పడిపడి నవ్వుతున్నారు

సంవత్సరం ఆన్యో. ఆనో అంటే మలద్వారం. నాకు 22 ఉన్నాయని చెప్పాడు ఒకడు, పాపం. స్పానిష్‌లో ఎన్ మీద చిన్న అల ఉంటుంది, ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు దాన్ని వదిలేస్తాం, చదివేటప్పుడూ వదిలేస్తాం. కీబోర్డు మీద ఎన్‌ను నొక్కి పట్టుకుంటే అల ఉన్న అక్షరం వస్తుంది. నోటికి మాత్రం 'ధాన్యం'లోని 'న్య' చాలు.

సమస్య: ఆలుగడ్డ కోసం ప్రార్థన

2025 మే 8న పోప్‌గా ఎన్నికైన లియో 14 కూడా 1985లో మిషనరీగానే పెరూ వెళ్లారు, తర్వాత అక్కడి చిక్లాయోకు బిషప్ అయ్యారు. ఆ వారం మా క్లాసులో ఒకరు ఉత్సాహంగా "లా పాపా కోసం ప్రార్థిద్దాం" అన్నారు. పోప్ ఎల్ పాపా. లా పాపా అంటే ఆలుగడ్డ. అది ఆండీస్ కొండల్లో మాట్లాడే క్వెచువా భాష మాట, ఆలుగడ్డ పుట్టిల్లే ఆ కొండలు కాబట్టి అక్కడివాళ్లు నొచ్చుకోలేదు.

నాన్న అనాలంటే ఒత్తు చివర పడాలి: పపా. స్పానిష్‌లో ఎక్కడ ఒత్తితే అక్కడ తెలుగులో దీర్ఘం రాసుకోమంటాను. నూటికి నూరు సరిపోదు కానీ పని నడుస్తుంది.

పేరో అంటే 'కానీ' అనే మాట, పెర్రో అంటే కుక్క. 'గొర్రె' అనగలిగే నోటికి ఇది సమస్యే కాదు.

ఇంకా తేలనిది

అలసిపోయాను అంటే ఎస్తోయ్ కన్సాదో. మధ్యలో 'న్' జారితే కసాదో, పెళ్లయిందని. పెరూ వెళ్లిన మా బ్రదర్ ఒకాయన మొదటి రోజు ప్రయాణం దిగగానే ఇలాగే అన్నారట. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ ఆయన్ను ఇంట్లో ఆవిడ ఎలా ఉందని అడుగుతున్నారు.