ఒళ్ళు దగ్గర పెట్టుకుని బరువులెత్తడం ఎలా?

సెట్ల (ఆపకుండా వరసగా ఎత్తే విడతల) మధ్య ఫోన్ చూసుకుంటూ, రెప్స్ (ఒక్కోసారి ఎత్తి దించడం) లెక్కపెట్టుకుంటూ బరువులెత్తినా కండ ఎంతో కొంత పెరుగుతుంది. అయితే పని చేయాల్సిన కండ ఒకటైతే అలిసేది ఇంకోటి అవుతుంటుంది. వీపు కోసం లాగితే ముంజేతులు పీకుతాయి, ఛాతీ కోసం తోస్తే భుజాలు పట్టేస్తాయి. ధ్యాస నిలపడం సాధనతో వస్తుంది. కానీ దాన్ని ఎప్పుడు కండ మీద పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో తెలియాలి.

1. ముందు ఒక్క నిమిషం

ఫోన్ పక్కన పెట్టేయండి. నిలబడి నాలుగైదుసార్లు నిదానంగా ఊపిరి తీసి వదలండి. ఒంటి బరువు మడమల మీదుందా, వేళ్ళ మీదుందా? దవడ బిగిసిందా, భుజాలు పైకి లేచాయా? బిగిసినచోట వదులు చేసుకోండి.

2. తేలిక బరువుతో కండను పట్టుకోండి

డంబెల్ కర్ల్‌తో, అంటే చేతిలో బరువు పట్టుకుని మోచెయ్యి మడిచి ఎత్తడంతో మొదలుపెట్టడం సులువు. మామూలుగా ఎత్తేదాంట్లో సగం బరువు తీసుకోండి. ఒక చేత్తో ఎత్తుతూ రెండో చేతి వేళ్ళు బైసెప్స్ (దండచేతి ముందు కండ) మీద ఆనించండి. రెండు సెకన్లలో పైకి, అక్కడ ఒక్క క్షణం బిగింపు, మూడు సెకన్లలో కిందికి. కండ ముడుచుకోవడం, సాగడం వేళ్ళకే తెలుస్తుంది. నడుము ఊగిందంటే బరువు ఎక్కువైనట్టే.

వ్యాయామ పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో, బరువులు అలవాటు లేని యువకులకు 8 వారాలు శిక్షణ ఇచ్చారు. కండను బిగించడం మీద మనసు పెట్టినవాళ్ళ బైసెప్స్ మందం సగటున 12.4 శాతం పెరిగింది. బరువును పైకి లేపడం మీదే మనసు పెట్టినవాళ్ళకు 6.9 శాతమే. తొడ కండల్లో మాత్రం అలాంటి తేడా కనిపించలేదు. అన్ని కండలూ ఒకేలా మాట వినవన్నమాట!

3. కంటికి కనిపించని కండలు

వీపుతో అందరికీ తిప్పలే. లాట్ పుల్‌డౌన్ (తలపైనున్న బార్‌ను కూర్చుని కిందికి లాగడం) చేసేటప్పుడు పిడికిలి గట్టిగా బిగించకండి. వేళ్ళు కొక్కేల్లా బార్‌కి తగిలించి, మోచేతుల్ని నడుము వైపు దించండి. అయినా తెలియకపోతే, రెక్క ఎముక కింద, చంకకు దిగువన వేలితో తట్టమని తోడున్నవాళ్ళను అడగండి. తట్టినచోటికి మనసు త్వరగా పోతుంది.

4. భారీ బరువు దగ్గర కండను వదిలేయండి

చాలామంది ఇక్కడే పొరబడతారు. బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువును పైకి తోయడం) మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, అనుభవమున్నవాళ్ళు తమ గరిష్ఠ బరువులో 60 శాతం వరకూ, ధ్యాసతో కోరుకున్న కండ చేత ఎక్కువ పని చేయించగలిగారు. 80 శాతం దగ్గర అది కుదరలేదు. కాబట్టి బరువైన స్క్వాట్ (బరువు మోస్తూ గుంజీళ్ళలా కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును ఎత్తి నిలబడడం)లలో కండ గురించి ఆలోచించకండి. మనసుకు ఒక్కటే సూచన ఇవ్వండి: “నేలను కిందికి తొయ్యి.” అంతే. మూడు నాలుగు సూచనలు కలిపి గుర్తుపెట్టుకుంటే లయ చెడుతుంది.

ఊపిరి కూడా ఇక్కడ ముఖ్యమే. కిందికి దిగేముందు పొట్ట నిండా గాలి తీసుకుని నడుము చుట్టూ బిగించి, కష్టమైన భాగం దాటాక వదలండి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టకుండా, ముందుగా డాక్టరును అడగడం మంచిది.

5. మంటకూ నొప్పికీ తేడా

కండ మధ్యలో మెల్లగా పెరిగి, సెట్ ఆపాక తగ్గే మంట మామూలే. కీలు దగ్గర పొడిచినట్టున్నా, చెయ్యో కాలో తిమ్మిరెక్కినా ఆ సెట్ అక్కడితో ఆపేయండి. రెప్స్ పూర్తి చేయాలన్న పంతం వద్దు.

సెట్ అయ్యాక “ఇంకెన్ని ఎత్తగలిగేవాణ్ణి/దాన్ని?” అని అంచనా వేసి రాసుకోండి. మొదట్లో అంచనా తప్పుతుంది, కొన్ని వారాల్లో దారికొస్తుంది.

ప్రతి రెప్‌లోనూ ఇంత గమనిక అక్కర్లేదు. వార్మప్ సెట్లలో, చివర చేసే చిన్న కండల వ్యాయామాల్లో చాలు. నిద్ర చాలక మనసు అసలే నిలవని రోజున బరువు తగ్గించి మెషిన్ల మీద చేసుకోండి, డెడ్‌లిఫ్ట్ ఇంకో రోజుకు వాయిదా వేయండి.