పనిచోట మన మాట చెల్లాలంటే

గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పన్నెండేళ్లుగా సూపర్‌వైజర్‌ని. షిఫ్టు మారేటప్పుడు పని వివరాలు పుస్తకంలో రాయండని ఏడాదిపాటు అరిచాను. ఒక్కరూ రాయలేదు. తర్వాత దారి మార్చాను, అదే మీకు చెబుతున్నాను.

ముందు మీరు సాయం చేయండి, అదీ అవతలివాళ్లకు నిజంగా పనికొచ్చేది. వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలంలో చందనోత్సవం. అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే. ఆ రోజు మా పెద్ద వెల్డర్‌ని కొండకు పంపి, ఆయన పని నేనే చేశాను. బదులుగా ఏమీ అడగలేదు. అడిగితే అది బేరమైపోతుంది.

నెల తర్వాత ఆయన దగ్గరికే వెళ్లాను. "బాబాయ్, పేజీ అంతా వద్దు, పని ఆగిపోయిన జాయింట్ నంబరు ఒక్కటి రాయండి చాలు" అన్నాను. చిన్నదానికి ఒప్పుకున్నవాళ్లు దాని తర్వాతి మెట్టుకూ తేలిగ్గా వస్తారు. అయితే ఒప్పుకోలు వాళ్ల నోటితోనే రావాలి. "రేపటి నుంచి రాస్తారా?" అని అడిగి ఆగండి. ఆ మౌనం ఎంత ఇబ్బందిగా ఉన్నా మీరు నింపొద్దు.

కుర్రాళ్లకు బాబాయ్ రాసిన పేజీ చూపించానంతే. "ఎవరూ రాయట్లేదు" అని తిట్టకండి, రాయకపోవడమే మామూలని మనమే చెప్పినట్టవుతుంది. "రాత్రి షిఫ్టులో నలుగురు రాశారు" అనండి, అది నిజమైతేనే. లేని లెక్కలు, లేని గడువులు చెబితే తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

పైవాళ్లతో మాట్లాడేటప్పుడు మనం అడిగేదానిలో ఉన్న లోపం ముందే చెప్పేయండి. "రోజూ ఐదు నిమిషాలు పోతాయి సార్, కానీ చేసిన వెల్డింగే మళ్లీ చేయడం తగ్గుతుంది" అన్నాకే మా ఓనరు కొత్త పుస్తకాలకు డబ్బులిచ్చారు.