బంగ్ల మీద సోలార్ పెట్టిద్దామనుకునేటోళ్లు ముందు సుద్దముక్క తీసుకోండి

రామగుండం కాడ చెరువు నీళ్ల మీదనే 100 మెగావాట్ల సోలార్ నడుస్తున్నది, దేశం 2070 కల్లా నెట్ జీరో (గాలిలకు వదిలే కర్బనం, తిరిగి తీసేసే కర్బనం సమానం చేసుడు) అంటున్నది, అయినా మనింట్ల ఫ్యాన్ తిరిగేది ఇంకా ఎక్కువగా బొగ్గు కరెంటుతోనే. ఇది మారుడు మన బంగ్ల మీద కూడా మొదలు కావాలని నా ఆశ, అందుకే హనుమకొండల మా ఇంటికి పెట్టిచ్చినప్పుడు తెలిసినయి రాస్తున్న.

ముందు బిల్లు చూడండి. గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు వస్తుంటే తొందరపడకండి, పెట్టిన పైసలు బిల్లుల తిరిగిరావు. ఏసీ నడిచి 300 దాటుతున్నోళ్లకు 3 కిలోవాట్లు సరిపోతది. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల జాగ కావాలె, రోజుకు 4 యూనిట్ల దాకా వస్తది.

ఇగ సుద్దముక్క సంగతి. డిసెంబర్‌ల పొద్దు దక్షిణానికి వాలి నీడలు బాగ పొడుగైతయి, అప్పుడు పొద్దుగాల 9కి, మధ్యాహ్నం 12కి, 3కి బంగ్ల ఎక్కి వాటర్ ట్యాంక్ నీడ, పక్కింటి గోడ నీడ ఎక్కడిదాక వస్తున్నదో గీతలు గీయండి. మాకు కొలతలకు వచ్చినాయన ఎండాకాలంల చూసి "ఏం కాదు సార్" అన్నడు, చలికాలం వచ్చేసరికి ట్యాంక్ నీడ ఒక్క ప్యానెల్ మీద పడి దానికి వరుసగా కలిపిన ప్యానెళ్ల లైన్ మొత్తం ఉత్పత్తి పడిపోయింది, మళ్ల స్టాండ్ జరిపిచ్చుకున్నం. ప్యానెల్ ముఖం దక్షిణానికే ఉండాలె.

అప్లై చేసుడు పీఎం సూర్యఘర్ (ఇంటి మీది సోలార్‌కు కేంద్రం సబ్సిడీ స్కీం) పోర్టల్‌ల, డిస్కం అంటే కరెంటు పంచే కంపెనీ కాడ మా హనుమకొండ దిక్కు అయితే టీజీఎన్‌పీడీసీఎల్ అని పెట్టి, బిల్లు మీది సర్వీస్ నంబర్ కొట్టాలె. మీటర్ ఇంకా తాత పేరు మీదనే ఉంటే ముందు పేరు మార్పిచ్చుకోండి, లేకుంటే సబ్సిడీ కాడ ఆగిపోతది. సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30 వేలు, 2కు 60 వేలు, 3 ఆపైన ఎంతైనా 78 వేలే, అది కూడా మన దేశంల తయారైన ప్యానెళ్లకే, నెట్ మీటర్ (మనం వాడిన కరెంటు, లైన్‌కు పంపిన కరెంటు రెండూ లెక్కగట్టే మీటర్) బిగించినంక మన ఖాతాల పడతది. అందుకని వెండర్‌కు మొత్తం పైసలు ముందే ఇయ్యకండి.

ఒక మాట చాలమంది చెప్పరు, బ్యాటరీ లేకుంటే కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా బందయితది. స్తంభం మీద పనిచేసే లైన్‌మెన్‌కు షాక్ కొట్టకుండ అట్ల పెట్టిన్రు, అది మంచిదే.

ఎర్తింగ్ గుంటలు మీ ముంగటనే తీపియ్యండి. కోతులు వైర్లు గుంజుతయి, పైపులల్ల నుంచే తీసుకురమ్మనండి, చుట్టూ జాలీ కొట్టియ్యండి. దుమ్ము కడుగుడు పొద్దుగాలనే, మండుతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు.